ఆఖరి మడి నీళ్ళు

మా తమ్ముడు తొలి ఏకాదశి మర్నాడు మధ్యాహ్నం బందరు ఆసుపత్రిలో పోయాడు. రేడియోలో "చక్రవర్తి గారు దివంగతులైనారు" అని చదివారు. నేను మంచం పక్కనే ఉన్నాను. నాకు వాడు పోయాడనే అనిపించింది. పదిహేనేళ్ళు ఈ డెల్టాకు చక్రవర్తిగా ఉన్న మనిషిని "వాడు" అని రాస్తే బాగుండదేమోనని ఈ పత్రిక వారు మెల్లగా అన్నారు. ప్రయత్నించాను. "ఆయన" అని రాస్తుంటే ఎవరి గురించి రాస్తున్నానో నాకే తెలియకుండా పోతోంది. పాఠకులు మన్నించాలి.

వాడి పాలన గురించి తెలిసినవారు రాశారు, ఇంకా రాస్తారు. రోడ్లు, బడులు, పులిగడ్డ దాటి దివిసీమలోకి వెళ్ళిన కరెంటు తీగలు, అవన్నీ నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నేను వాడికి వండిపెట్టినదాన్ని. నాకు తెలిసింది వాడు తిన్నదీ, తిననిదీ. అందులో వాడు తిన్న ఒక పూట అన్నం గురించి ఊళ్ళలో పదేళ్ళుగా ఒక మాట నడుస్తోంది. దాన్ని సరిదిద్దగలిగిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే రాస్తున్నాను.

మేం పెడనలో అద్దకం వాళ్ళం. చెక్క అచ్చులతో బట్ట మీద పూలూ తీగలూ అద్దుతాం. నాన్న, మా వారు అచ్చు వేసేవారు. చెల్లెళ్ళిద్దరూ నేనూ రంగులు కాచేవాళ్ళం. అమ్మ పోయేనాటికి తమ్ముడికి నాలుగేళ్ళు, నాకు పదహారు. మా వారు మా ఇంటికే వచ్చి ఉన్నారు కాబట్టి వాడు నా చేతుల్లోనే పెరిగాడు.

మాకు సెంటు భూమి లేదు. అయినా కాలువ ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు కట్టేస్తారో రైతులకు తెలిసినట్టే మాకూ తెలుసు. అద్దిన బట్టను పారే నీళ్ళలో ఉతకాలి. నిలవ నీళ్ళలో ఉతికితే ఒక రంగు ఇంకో రంగులోకి పాకుతుంది. నీళ్ళలో ఉప్పు కలిస్తే ఎరుపు చచ్చిపోతుంది. అందుకని నాన్న పొద్దున్నే రేవులోకి దిగి దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని, ఒక్క క్షణం ఉంచుకుని ఉమ్మేవాడు. ఆ విద్య తమ్ముడికి నేర్పాడు. బడికి వెళ్ళే వయసుకే వాడు నాలిక మీద చుక్క వేసుకుని, ఇవి ఎగువ నీళ్ళు, వీటిలో సముద్రపు పోటు కలిసింది అని చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

తెల్లవాళ్ళు వెళ్ళిపోయాక ఈ డెల్టా ఎటూ కలవకుండా విడిగా నిలిచిన సంగతి పిల్లలు బడి పుస్తకాల్లో చదువుకుంటున్నారు. చక్రవర్తి ఎందుకు కావలసి వచ్చాడో ఆ పుస్తకాల్లో సరిగ్గా లేదు. కారణం నీళ్ళే. ఆనకట్ట నుంచి వదిలిన నీళ్ళు ముందు పామిడిముక్కల, గుడివాడ, నందివాడ వైపు పొలాలకు అందుతాయి. ఆఖరున దివిసీమలో సముద్రం పక్క ఊళ్ళకు. పైవాళ్ళు తూములు బార్లా తెరుచుకుంటే కిందివాళ్ళ నారుమళ్ళు ఎండిపోతాయి. పైవాణ్ణి పెద్దను చేస్తామంటే కిందివాళ్ళు ఒప్పుకోలేదు. కిందివాణ్ణి చేస్తామంటే పైవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. గుడివాడలో రైతుల సభ మూడు రోజులు జరిగింది. భూమి లేనివాడికైతే ఏ కాలువ పక్షమూ ఉండదని మూడో రోజుకు ఎవరికో తోచింది.

తమ్ముడు అప్పటికి బందరులో బడిపంతులు. చేతిరాత బాగుంటుందని సభలో మాటలు రాసిపెట్టడానికి పిలిచారు. రాస్తూ కూచున్నవాడి వైపు గుడివాడ పెద్దరైతు ఒకాయన తిరిగాడట. ఈ సంభాషణ వాడు నాకు ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పిన ప్రతిసారీ ఇద్దరం నవ్వుకున్నాం.

"ఏవయ్యా పంతులూ, నీకెన్నెకరాలు?"

"సెంటు కూడా లేదండీ."

"మీ మావగారికి?"

"మావగారే లేరండీ ఇంకా."

"పోనీ, కొనాలనుందా?"

"జీతం చూసి మాట్లాడండి బాబాయి గారూ."

"అయితే ఆ కలం పక్కన పెట్టు. నువ్వే."

వాణ్ణి ఏమని పిలవాలన్న దాని మీద ఇంకో పూట గడిచింది. రాజు అందామంటే దివిసీమ వాళ్ళు గోల చేశారు. "రాజులంటే మళ్ళీ జమీందార్లేననుకుంటారండీ జనం! ఒక్కొక్క తాలూకాకి ముగ్గురు రాజుల్ని చూశాం, చాలు!" అన్నారు. జమీందార్లు ఎవరూ ఇంతవరకు పెట్టుకోని పేరు ఏదని వెతికితే చక్రవర్తి అన్నది మిగిలింది. అలా మా తమ్ముడు, ఒక చివర నుంచి ఇంకో చివరకు సైకిలు మీద రోజున్నరలో వెళ్ళగలిగిన దేశానికి చక్రవర్తి అయ్యాడు.

సభ రెండు షరతులు పెట్టింది. వాడు గాని, వాడి ఇంటివాళ్ళు గాని బతికినన్నాళ్ళు భూమి కొనకూడదు. రెండోది తిండి గురించి. ఏటా కాలువలకు నీళ్ళు వదిలిన రోజు నుంచి, ఆ నీళ్ళు దివిసీమ ఆఖరి ఊళ్ళో ఆఖరి మడికి చేరేదాకా చక్రవర్తి అన్నం ముట్టకూడదు. మజ్జిగ, కొబ్బరినీళ్ళు తాగవచ్చు. వాడు తినేదాకా పై తూములు సగమే తెరిచి ఉంచాలి. ఆ మడి ఎవరిదో ఆ ఇంటి ఆడమనిషి మడిలో నీళ్ళు కుండతో తెచ్చి వాడి చేతికివ్వాలి. వాడు ఒక గుక్క తాగి, అన్నం తినాలి. తిన్నాడని వాడుండే బందరు కోట నుంచి ఫోను వెళ్ళగానే లాకుల దగ్గర పనివాళ్ళు తూములన్నీ పూర్తిగా ఎత్తేస్తారు. ఇంకెవరినీ అడగనక్కరలేదు.

మామూలుగా నీళ్ళు చేరడానికి నాలుగు రోజులు పట్టేది.

కోటలో వలందుల నాటి, అంటే డచ్చివాళ్ళ కాలం నాటి పాత మేడ వాడికి ఇచ్చారు. నన్ను రమ్మన్నాడు. అప్పటికి నాన్న, మా వారు ఇద్దరూ ఉన్నారు. వారానికి రెండు రోజులు పెడనలో, మిగతా రోజులు బందరులో ఉండేదాన్ని. కిరీటం చిలకలపూడిలో చేయించారు. రాగి మీద బంగారు పూత. ఏడాదికి రెండుసార్లు పెట్టుకునేవాడు. చెమటకు లోపలి అంచు నల్లబడేది. కుంకుడు నురగతో నేనే తోమేదాన్ని. "అసలు బంగారమైతే దానికో కాపలా, ఆ కాపలావాడికో కాపలా. ఇదైతే వంటింట్లో ఉన్నా ఫర్వాలేదు పెద్దక్కా" అనేవాడు. వంటింట్లోనే ఉండేది, పప్పు డబ్బాల పక్కన.

బట్ట చేతికిస్తే ముందు వెనక్కి తిప్పి చూసేవాడు. రంగు వెనకవైపుకు దిగిందా లేదా చూడడం మా ఇంటి అలవాటు. కాగితాలు కూడా అలాగే తిప్పి చూసి సంతకం పెట్టేవాడు. వెనక ఏమీ ఉండదని తెలుసు. అయినా చూసేవాడు. తన పంచె తనే ఉతుక్కునేవాడు. ఎవరింటికి వెళ్ళినా పిల్లలు తిన్నారా అని అడిగాకే కూచునేవాడు.

పెళ్ళి కాలేదు. సంబంధాలు రాక కాదు. వచ్చినవాళ్ళందరికీ పొలాలున్నాయి. "ఇంతకీ పిల్ల తండ్రి పొలం ఏ కాలవ కింద?" అని అడిగేవాడు. వాళ్ళు చెప్పేవాళ్ళు. "ఇంకేముంది పెద్దక్కా, రెండో కాలవ వాళ్ళు నన్ను దింపేస్తారు" అని నవ్వేవాడు. భూమి లేని ఇంటి పిల్లను నేను వెతుకుతూ ఉండగానే వాడికి నలభై వచ్చాయి.

పొద్దున్నే వరండాలో బల్ల వేసుకుని వచ్చినవాళ్ళతో మాట్లాడేవాడు. అందరికన్నా దూరం నుంచి వచ్చినవాళ్ళు ముందు చెప్పుకోవాలి. బందరు వాళ్ళు ఆఖరు. వాణ్ణి గద్దె ఎక్కించిన గుడివాడ పెద్దరైతే ఒక ఏడాది మండిపడుతూ వచ్చాడు.

"మా తూము సగానికి దించారంట. ఎవరు చెప్పారు బాబూ?"

"నేనేనండీ."

"నీకేం, చెప్తావు. ఎండితే నీదా ఎండేది? కుండీలో తులసిమొక్క తప్ప ఏం ఉంది నీకు?"

"అందుకేగా ఎక్కించారు నన్ను."

"ఎక్కించాం గనకే అడుగుతున్నా!"

"పెద్దక్కా, బాబాయి గారికి కాఫీ."

"కాఫీతో తడుస్తుందా నా నారుమడి?" అంటూనే ఆయన రెండు గ్లాసులు తాగాడు. వెళ్ళేముందు నా వైపు తిరిగి, "వీడికి కోపం రాదేంటమ్మా? కోపం వస్తే మాకు తిట్టడానికి వీలుగా ఉంటది" అన్నాడు.

నీళ్ళు వదిలిన నాలుగు రోజులూ మేడలో పొయ్యి వెలిగించేదాన్ని కాదు. వాసన వస్తే వాడికి కష్టమని. నాకు బాధగా ఉంటుందని వాడికి తెలుసు. "చక్రవర్తి అంటే ఏం లేదు పెద్దక్కా. అందరి తర్వాత తినే ఉద్యోగం. నీకు అలవాటేగా, ఇంట్లో నువ్వు చేసేది అదేగా" అన్నాడొకసారి. నేను చేసేదాన్ని ఎవరైనా ఉద్యోగం అన్నది అదే మొదలు.

ఇక ఆ ఏడాది సంగతి.

అది వాడు గద్దె ఎక్కిన ఐదో ఏడు. నీళ్ళు వదిలిన మూడో రోజున పామిడిముక్కల దిగువన కాలువకు గండి పడింది. గండి పూడ్చేసరికి రెండు రోజులు పోయాయి. మళ్ళీ నీళ్ళు కదిలినా మెల్లగా కదిలాయి. ఐదు రోజులు, ఆరు రోజులు. దివిసీమ నుంచి కబురు లేదు.

అప్పటికే రెండేళ్ళుగా వాడికి కడుపులో పుండు ఉందని డాక్టరు చెప్పి ఉన్నాడు. ఆరో రోజు సాయంత్రం వాంతి చేసుకున్నాడు. బేసిను నేనే పట్టుకున్నాను. అందులో ఎరుపు కనిపించింది. ఎరుపు రంగుల మధ్య పుట్టి పెరిగినదాన్ని. అది ఏ ఎరుపో నాకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఏడో రోజు పొద్దున డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. "ఇవాళ అన్నం పడకపోతే రేపు నన్ను పిలిచి ప్రయోజనం లేదమ్మా. మీరన్నా చెప్పండి" అన్నాడు. చెప్పాను. "ఇంక ఒక్కరోజు చూద్దాం పెద్దక్కా" అన్నాడు.

నేను దేవుడి ముందు కూచున్నాను. పాండురంగణ్ణి ఏమి అడిగానో గుర్తు లేదు. లేచేసరికి ఏం చేయబోతున్నానో తెలుసు.

మధ్యాహ్నం రైలుకు పెడన వెళ్ళాను. మా ఇంటి వెనక రేవులో కుండ ముంచాను. అడుగున పిడికెడు మట్టి వేశాను, మడి నీళ్ళు మట్టితో ఉంటాయి కాబట్టి. కొంగు కప్పుకుని తర్వాతి రైలుకు వచ్చాను. పొద్దుండగానే కోటకు చేరాను. "దివిసీమావిడ వచ్చింది. ఒంట్లో బాగాలేక గుమ్మంలోనే కుండ ఇచ్చి వెళ్ళింది" అని కోటలో ఫోను చూసే గుమాస్తాతో చెప్పాను. నేను చెబితే ఆయన ఎందుకు అనుమానిస్తాడు? పదహారేళ్ళప్పటి నుంచి నేను ఎవరితోనూ అబద్ధం ఆడి ఎరుగను.

తమ్ముడు గోడకు ఆనుకుని కూచున్నాడు. కుండ అందించాను. వాడు కుండ కేసి చూశాడు, నా కేసి చూశాడు. ఒక గుక్క తాగాడు. నోట్లో కాసేపు ఉంచుకున్నాడు. నీరసం వల్ల అనుకున్నాను. తర్వాత మింగి, "పెట్టు" అన్నాడు.

మెత్తగా వండిన అన్నం, కాస్త మజ్జిగ. మూడు ముద్దలు తినేలోపల గుమాస్తా ఫోను చేసేశాడు. పై తూములన్నీ ఎత్తేశారు.

మర్నాడు పొద్దున ఆఖరి మడి ఆవిడ వచ్చింది. నా కంటే చాలా చిన్నది. కుండ తెచ్చింది. కుండ ఖాళీగా ఉంది. గుమ్మంలో నిలబడి, "మా మడికి నీళ్ళు రాలేదండీ. తూములు ఎత్తేశారంట. ఆయన తినేశాడంట. నిజమేనా?" అని అడిగింది. అడిగింది నన్నే. నేను లోపలికి వెళ్ళిపోయాను.

తూములు మళ్ళీ దించేసరికి ఆలస్యమైపోయింది. ఆ ఏడు ఆఖరి ఊళ్ళో నారుమళ్ళు ఎండిపోయాయి. మళ్ళీ నారు పోయడానికి అదను దాటింది. ఆ ఊరి పొలం మొత్తం బీడు పడింది. మగవాళ్ళు పీతలు పట్టడానికి మడ అడవుల్లోకి వెళ్ళారు. ఆడవాళ్ళు ఊళ్ళు దాటి కూలికి వెళ్ళారు.

తమ్ముడు లేవగలిగిన రోజున గుడివాడ వెళ్ళి సభలో నిలబడ్డాడు. "ఆఖరి మడికి నీళ్ళు చేరకముందే తిన్నాను. తప్పు నాది" అన్నాడు.

"ఆ కుండ ఎవరిచ్చారు?" అని దివిసీమ వాళ్ళు అడిగారు.

"తాగింది నేనేనండీ."

"ఇచ్చింది ఎవరని గదా అడుగుతోంది?"

"తాగింది నేనే" అని మళ్ళీ అన్నాడట.

కిరీటం తీసి బల్ల మీద పెట్టాడు. గుడివాడ పెద్దరైతే దాన్ని వెనక్కి తోశాడు. "ఉంచుకోవయ్యా. మళ్ళీ మూడ్రోజులు సభ పెట్టే ఓపిక ఎవరికుంది?" అన్నాడు. దివిసీమ వాళ్ళు నవ్వలేదు. వచ్చే ఏటి నుంచి కోటలో కూచోనని, ఆ ఆఖరి మడి గట్టు మీదే కూచుంటానని వాడే చెప్పాడు. వాళ్ళు సరేనన్నారు.

అన్నట్టే చేశాడు. ఆ తర్వాత పదేళ్ళూ నీళ్ళు వదిలిన రోజున దివిసీమకు వెళ్ళిపోయేవాడు. తాటాకు పందిరి కింద, గట్టు మీద చాప వేసుకుని కూచునేవాడు. నన్ను రానిచ్చేవాడు కాదు. "ఎండ పెద్దక్కా, నువ్వు పెడనలో ఉండు" అనేవాడు. నేను ఇంటి దగ్గర అన్నం మానేసేదాన్ని. అది వాడికి చెప్పలేదు.

ఆ పదేళ్ళూ జనం అన్న మాటలు నా చెవినా పడ్డాయి. పెడన రైల్లో నా ఎదుటి బల్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. నేనెవరో వాళ్ళకు తెలియదు.

"ఆర్రోజులు ఆగినోడు ఏడో రోజు ఆగలేకపోయాడంటమ్మా!"

"మగాళ్ళు గదా. మనమైతే ఆగుదుం."

"వాళ్ళక్క లడ్డూ చూపించిందంట. ఇంకేం ఆగుతాడు?"

"అందుకే లడ్డూ చక్రవర్తి అంటారు మా తోటికోడలు వాళ్ళూళ్ళో."

ఇద్దరూ నవ్వారు. నేను కిటికీలోంచి చూస్తూ కూచున్నాను. "తమ్ముడు కాదమ్మా, నేను" అని ఒక్క మాట అంటే సరిపోయేది. స్టేషను వచ్చింది, దిగిపోయాను. అలాంటి స్టేషన్లు పదేళ్ళలో చాలా వచ్చాయి.

వాడితో కూడా ఎత్తలేదు. వాడికి తెలియదనుకున్నాను. ఆఖరి ఊరు మోసం చేసిందనో, గుమాస్తా పొరపడ్డాడనో వాడు అనుకుంటున్నాడని నాకు నేను చెప్పుకున్నాను. రోజూ దీపం పెట్టినప్పుడు దేవుడికి మాత్రం చెప్పేదాన్ని. మనుషులకు చెప్పవలసింది దేవుడికి చెప్పడం సులభం. ఆయన తిరిగి అడగడు.

ఈ ఏడు నీళ్ళు ఐదో రోజుకు ఆఖరి మడికి చేరాయి. వాడు అక్కడే తిని, జ్వరంతో తిరిగి వచ్చాడు. మళ్ళీ రక్తం పడింది. ఆసుపత్రిలో పెట్టారు. ఏకాదశి నాడు నేను పాండురంగడి గుడికి వెళ్ళి, మధ్యాహ్నానికి తీర్థం పట్టుకుని వచ్చాను. చెంచాతో నోట్లో పోశాను. వాడు కళ్ళు మూసుకుని కాసేపు నోట్లో ఉంచుకున్నాడు.

"తియ్యగా ఉన్నాయి. ఆ ఏడు నువ్వు తెచ్చినట్టే" అన్నాడు.

"ఏ ఏడు?" అన్నాను. తెలిసే అడిగాను.

"దివిసీమ మడి నీళ్ళు అంత తియ్యగా ఉండవు పెద్దక్కా. ఆ నేలలో ఉప్పుంది. అవి మన రేవు నీళ్ళు. నాన్న నేర్పింది మర్చిపోతానా?"

చెంచా కింద పెట్టాను.

"తెలిసి ఎందుకు తాగావురా?"

"నువ్వు అబద్ధం ఆడగా ఎప్పుడూ చూడలేదు. అవి మడి నీళ్ళు కావంటే అందరి ముందూ నువ్వు నిలబడాలి." ఊపిరి తీసుకున్నాడు. "ఫోను దగ్గరికి వెళ్ళి ఆపుదామనుకున్నాను. అన్నం ఎదురుగా ఉంది. జనం అనేది అబద్ధం కాదు పెద్దక్కా. ఆకలి కూడా వేసింది."

ఈ ఆఖరి మాట రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాయకపోతే వాడు నా కంటే చాలా మంచివాడవుతాడు. వాడికి అది ఇష్టం ఉండదు. బట్టను వెనక్కి తిప్పి చూసే మనిషి.

"నేను చెప్పేస్తాను అందరికీ" అన్నాను.

"నా పేరు కోసమైతే వద్దు. నాకు అలవాటైపోయింది, లడ్డూ చక్రవర్తి బానే ఉంది." కొంచెం నవ్వాడు. "అయినా చెప్పాల్సింది అందరికీ కాదు. ముందు ఆఖరివాళ్ళకి చెప్పు."

మర్నాడు మధ్యాహ్నం వాడు పోయాడు.

పదిహేను రోజుల తర్వాత బస్సెక్కి అవనిగడ్డలో దిగి, అక్కడి నుంచి ఒంటెద్దు బండి మాట్లాడుకుని ఆఖరి ఊరికి వెళ్ళాను. ఊడ్పులు జరుగుతున్నాయి. ఆఖరి మడిలో ఆవిడ నడుం వంచి నాటుతోంది. కూలివాళ్ళు ఇద్దరే ఉన్నారు. జుట్టు నెరిసింది, అయినా గుర్తుపట్టాను. ఆవిడ కూడా నన్ను గుర్తుపట్టింది.

గట్టు మీద నిలబడి మొత్తం చెప్పాను. పెడన రైలు, రేవు, మట్టి, గుమాస్తాతో ఆడిన అబద్ధం. తమ్ముడు ఆసుపత్రిలో అన్నది కూడా చెప్పాను. ఆవిడ నాటడం ఆపలేదు. ఆ మనిషి నా మాటలు వింటున్నదీ లేనిదీ తెలియలేదు. చేతిలో కట్ట అయిపోయాక నిటారుగా నిలబడింది.

"ఆ రోజు గుమ్మంలో మిమ్మల్నేగా అడిగాను?" అంది.

"అవునమ్మా."

"లోపలికెళ్ళిపోయారు."

"అవును."

"ఆయన ఈ గట్టు మీదే కూచునేవాడు, పదేళ్ళు. నేనే కుండ ఇచ్చేదాన్ని. 'తిన్నారా అమ్మా, పిల్లలు తిన్నారా' అని అడిగేవాడు. ఒక్కసారన్నా నేను మొహం చూసి ఇవ్వలేదు. కుండ చేతిలో పెట్టేసి ఇటు తిరిగేసేదాన్ని." నీళ్ళలోకి చూసింది. "ఎలా ఉండేవాడో కూడా సరిగ్గా తెలీదు నాకు."

తప్పు మన్నించమని అడుగుదామని వెళ్ళాను. ఆ మాట విన్నాక అడగలేకపోయాను. ఆవిడా మన్నించానని అనలేదు. కాసేపటికి గట్టు మీదున్న నారు కట్ట వైపు గడ్డంతో చూపించింది.

"మనుషులు తక్కువున్నారు. దిగుతారా?"

చీర ఎగదోపుకుని దిగాను. మోకాళ్ళ దాకా మట్టి. యాభై ఆరేళ్ళలో ఎప్పుడూ నాటినదాన్ని కాదు. వేళ్ళతో ఎంత లోతు గుచ్చాలో తెలియలేదు. ఆవిడ వరస చకచకా ముందుకు వెళ్ళిపోయింది. నా వరస వంకరగా వెనకబడింది. గట్టిగా నాటుకోని మొక్కలు నా వెనక ఒకటీ అరా పైకి తేలుతున్నాయి. నేను చూసుకోలేదు. ఆవిడ చూసింది. తన వరస వదిలి వెనక్కి వచ్చి, తేలిన మొక్కలను ఒక్కొక్కటే తీసి మళ్ళీ గుచ్చుతోంది.